మూసీకి దీర్ఘం ఎక్కడిది?



హైదరాబాద్‌లో మలక్‌పేట దాటాక మెట్రో రైలు న్యూమార్కెట్‌లో ఆగుతుంది. ఆ తర్వాత మూసారాంబాగ్, దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్, చివరికి ఎల్‌బీ నగర్. ఈసారి అటు వెళ్ళేటప్పుడు పక్క సీట్లో కూర్చున్నాయన్ని అడిగి చూడండి, "మూసారాంబాగ్‌కు ఆ పేరెందుకు వచ్చిందండీ?" అని. "మూసీ పక్కనే కదా, అందుకే" అంటాడు. ఆయన తప్పేం లేదు. ఏరు నిజంగా పక్కనే ఉంది. అంబర్‌పేటకు దాటే కాజ్‌వే అక్కడే ఉండేది. ఎగువన గండిపేట గేట్లు ఎత్తారంటే ఇక్కడ పోలీసులు బారికేడ్లు అడ్డం పెట్టేవారు. మూసీ వస్తే దారి మూసీ. మా వీధిలో ఒక పెద్దాయన ఈ మాటని చాలా గంభీరంగా చెప్పేవారు, అదే అసలు వ్యుత్పత్తి అన్నట్టు.

కానీ మూసారాంబాగ్‌లో ఉన్నది మూసీ కాదు. ఒక ఫ్రెంచి సైనికుడు.

ఆయన పేరు మిషెల్ జొఆకిం మరీ రేమొ. మనం రేమండ్ అంటాం. 1755లో ఫ్రాన్సులో పుట్టాడు. నిజాం అలీ ఖాన్ కొలువులో చేరి, వేల మంది సిపాయిలకు ఐరోపా పద్ధతిలో తర్ఫీదు ఇచ్చాడు. ఫిరంగులు పోతపోయించాడు. గన్‌ఫౌండ్రీ అనే పేట పేరులో మిగిలిన ఫౌండ్రీ ఆయనదే. 1798 మార్చిలో పోయాడు. ఫ్రెంచివాళ్ళు గౌరవంగా పిలిచే 'మొస్య' అనే మాట, వెనకాల 'రేమొ', రెండూ కలిసి నగరం నోట పడ్డాయి. ముస్లిములు దాన్ని 'మూసా రహీం' చేసుకున్నారు. హిందువులు 'మూసా రాం' చేసుకున్నారు. ఆయన తోట మూసారాం బాగ్ అయింది. ఆయన సమాధి ఇప్పటికీ అస్మాన్‌గఢ్ గుట్ట మీద ఉంది. నల్లరాతితో చేసిన ఎత్తైన స్తంభం, దాని మీద పేరులోని పొడి అక్షరాలు 'జె.ఆర్.' తప్ప పెద్దగా రాతలేమీ లేవు. దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు రద్దీలో ఉన్నవాళ్ళకు అంత దగ్గర్లో ఒక ఫ్రెంచి దళపతి పడుకుని ఉన్నాడంటే నమ్మకం కుదరదు.

మన వ్యాకరణం తెలిసినవాడు ఇక్కడ ఇంకో గమ్మత్తు చేయగలడు. మూసి, ఆరాం, బాగ్ అని విడదీసి, ఇత్వసంధి వేసి, మూసీ ఒడ్డున విశ్రాంతి తోట అని తేల్చేయగలడు. సంధి కూడా కుదురుతుంది! నిజం మాత్రం కాదు. పేరు వినపడే తీరును బట్టి కథ అల్లడం మనకు సరదా. ఎల్‌బీ నగర్ పక్కనే ఉన్న కర్మన్‌ఘాట్ ఆంజనేయస్వామి గుడికి కూడా ఇలాంటి కథే ఉంది. గుడి పడగొట్టడానికి వచ్చిన ఔరంగజేబుకు 'కర్ మన్ ఘట్' అనే మాట లోపలి నుంచి వినిపించిందనీ, ముందు మనసు గట్టి చేసుకోమని దాని అర్థమనీ స్థలపురాణం. కథ బాగుంటుంది. ఊరికి పేరు అలా వచ్చిందా అంటే, కథకు ఊరి పేరు పనికొచ్చిందని మాత్రం చెప్పగలం.

మరి మూసీ సంగతి? దాని పేరుకూ కథలున్నాయి, ఒకటి కాదు. ముందు అవి చెప్పుకుని, ఆ తర్వాత పేరును వ్యాకరణం ముందు నిలబెడదాం. కథ చెప్పేవాడు కథను మార్చగలడు గానీ, పేరు చివరి అచ్చును ఎవరూ కావాలని మార్చరు. దాన్ని నోరు మారుస్తుంది.

మొదటి కథ పురాణం. ఏరు పుట్టేది వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లో. ముచుకుందుడు అనే రాజర్షి దేవతల పక్షాన యుద్ధం చేసి అలసి, ఆ కొండ గుహలో నిద్రపోయాడట. నిద్ర చెడగొట్టినవాడు ఆయన చూపుకే భస్మమవుతాడని వరం. శ్రీకృష్ణుడు కాలయవనుణ్ణి ఆ గుహలోకి తెచ్చి పని ముగించాడు. ఆ తర్వాత ముచుకుందుడు స్వామి పాదాలు కడిగాడు. ఆ నీళ్ళే ముచుకుందా నది. పంచాంగాల్లో, సంకల్పాల్లో మూసీకి ఇదే పేరు.

రెండో కథ దక్కనీ. లంగర్‌హౌజ్ దగ్గర రెండు ఏర్లు కలుస్తాయి. ఒకటి ఉస్మాన్‌సాగర్ మీదుగా వచ్చే మూసీ, రెండోది హిమాయత్‌సాగర్ మీదుగా వచ్చే ఈసీ. కలిసే చోటునే బాపూఘాట్ అంటాం. 1948లో గాంధీజీ అస్థికలు అక్కడ కలిపారు. పాతబస్తీ పెద్దలు ఈ రెండింటినీ మూసా, ఈసా అంటారు. అంటే మోషే ప్రవక్త, ఏసు ప్రవక్త. ఉర్దూ రాతల్లో ఈ ఏరు 'రూదె మూసా', 'మూసా నదీ'.

మూడోది కథ కాదు, శాసనం. భువనేశ్వర్ దగ్గర ఉదయగిరి కొండ మీద హాథీగుంఫా శాసనంలో కళింగ రాజు ఖారవేలుడు తన దండయాత్రలు చెక్కించుకున్నాడు. శాతకర్ణిని లెక్కచేయకుండా పడమటికి సేనను పంపానని, అది కణ్హబేణ్ణా నది దాకా వెళ్ళి ఒక నగరాన్ని గడగడలాడించిందని అందులో ఉంది. ఆ నగరం పేరును కొందరు పండితులు 'ముసిక' అని చదివారు. ఇంకొందరు 'అసిక' అని చదివారు. రాయి అరిగిపోయింది, ఒక్క అక్షరం దగ్గరే తగాదా. ముసికనగరం అయితే మూసీ ఒడ్డుది కావచ్చని ఒక ఊహ. కణ్హబేణ్ణా అంటే మన కృష్ణ కాదు, మహారాష్ట్ర వైపు వైన్‌గంగ అనేవాళ్ళూ ఉన్నారు. అప్పుడు ఆ ఊహ మొత్తం కూలిపోతుంది. దీన్ని సాక్ష్యం పెట్టెలో వేయకుండా పక్కన ఉంచుదాం.

ఇక ముచుకుంద. మూసి అనే పేరు ముచుకుంద అరిగిపోయి వచ్చిందనేది చాలామంది నమ్మకం. అరగడానికి ఏం కావాలి? చకారం సకారం కావాలి. 'కుంద' మొత్తం రాలిపోవాలి. మొదటి 'ము' దీర్ఘం కావాలి. చివర ఇకారం చేరాలి. ఇవన్నీ జరగవని అనను. ముచుకుంద నుంచి మూసి దాకా రావాలంటే ఇన్ని మెట్లు దిగాలి, మూసి నుంచి ముచుకుంద దాకా పోవాలంటే ఒక్క పౌరాణికుడు చాలు. నాకు రెండోదే నిజం అనిపిస్తుంది. కారణం ఈ ఒక్క ఏరు కాదు, తెలుగు నేల మీద ఏర్లన్నిటికీ ఇదే జరిగింది.

చూడండి. కడప జిల్లాలో చెయ్యేరు ఉంది. సంస్కృతంలో దాని పేరు బాహుద. చేతులు పోగొట్టుకున్న లిఖితుడు ఆ నీళ్ళలో మునిగి చేతులు తిరిగి పొందాడని కథ. పాలేరు క్షీరనది అయింది. పెన్న పినాకిని అయింది, శివుడి విల్లు చేతికొచ్చింది. శ్రీకాళహస్తి పక్కన పారే మొగలేరు సువర్ణముఖి అయింది. శ్రీకాకుళంలో నాగావళిని లాంగుల్య అన్నారు. నాగలికి సంస్కృతం లాంగలం కదా, పండితుడు అక్కడ నాగలిని చూశాడు. వరసగా చూస్తే పద్ధతి తెలిసిపోతుంది. ఏరు పేరులో తెలుగు మాట స్పష్టంగా ఉంటే దాన్ని అనువదించారు. స్పష్టంగా లేకపోతే దగ్గరి శబ్దం వెతికారు. మూసి అనే మాటకు తెలుగులో ఎవరికీ అర్థం తెలియలేదు, కాబట్టి ముచుకుందుడు వచ్చాడు. అదే కారణంతో ఉర్దూవాళ్ళకు మూసా ప్రవక్త దొరికాడు. ఇద్దరూ చేసింది ఒకే పని.

ఇప్పుడు అచ్చు దగ్గరికి వద్దాం. మనం రాసేది 'మూసీ'. చివర దీర్ఘం. ఈ దీర్ఘం ఎక్కడిది?

అచ్చ తెలుగు నామవాచకం మామూలుగా దీర్ఘంతో ముగియదు. పిల్లి, బల్లి, మంచి, పులి. సంస్కృతంలో దీర్ఘం ఉన్న స్త్రీలింగ పదాలు కూడా తెలుగులోకి రాగానే పొట్టివవుతాయి. అక్కడ నదీ, ఇక్కడ నది. అక్కడ గౌరీ, ఇక్కడ గౌరి. గోదావరీ గోదావరి అయింది, కావేరీ కావేరి అయింది. మరి దీర్ఘాన్ని అలాగే నిలబెట్టుకున్న మాటలేవి? కుర్చీ, కచేరీ, గల్లీ, బస్తీ, ఖాళీ, పేషీ, రాజీ. అన్నీ ఉర్దూ దారిన వచ్చినవే. జిలేబి లాంటివి కొన్ని లొంగిపోయి పొట్టివయ్యాయి, అది వేరే సంగతి. 'మూసీ' ఈ రెండో గుంపులో కూర్చుంది. ఏరు మనదే, కొండ మనదే, కానీ ఈ పేరు ఇప్పుడున్న రూపంలో మనకు నగరం ఉర్దూ నోటి నుంచి తిరిగొచ్చింది. చివరి అచ్చు ఆ సంగతి దాచలేదు.

ఇందులో ఇంకో చిక్కుముడి ఉంది, అది నాకు చాలా ఇష్టమైనది. ఉర్దూలో 'మూసా' అని ఎలా రాస్తారో ఉర్దూ తెలిసినవాళ్ళను అడగండి. చివర 'ఆ' ధ్వని ఉన్నా, రాసేది మాత్రం 'యే' అనే అక్షరం. దాని మీద ఒక చిన్న నిలువు గీత పెడితే మూసా అని చదవాలి. ఆ గీత పెట్టకపోతే, చూసినవాడు మూసీ అని చదువుతాడు. ఈసా కూడా అంతే, గీత లేకపోతే ఈసీ. అంటే కాగితం మీద మూసా, మూసీ ఒకటే. ఈసా, ఈసీ ఒకటే. ప్రవక్తల కథకు సగం బలం ఈ లిపి ఇచ్చింది. మూసి అనే పాత పేరును ఉర్దూ లేఖకుడు తన అక్షరాల్లో రాశాడు, చదివినవాడికి అందులో మూసా కనబడ్డాడు. మూసా ఉన్నాక పక్కనున్న ఏటికి ఈసా కాక ఇంకెవరు తోడొస్తారు? ఇది నా అనుమానమే, శాసనం కాదు. అయితే ప్రకాశం జిల్లాలో ఇంకో మూసి ఉంది, ఒంగోలు ప్రాంతం నుంచి సముద్రానికి పోతుంది. దాని పక్కన ఈసీ లేదు. ఇండోనేషియాలో సుమత్రా దీవిలో పాలెంబాంగ్ నగరం మధ్య నుంచి పారే పెద్ద నది పేరు కూడా మూసీయే. దానికీ మనకూ సంబంధం ఉందని ఎవరైనా చెప్తే మూసారాంబాగ్‌ను గుర్తుచేయండి.

ఒక ఏటి పేరు ఇలా భాషలు మారి తిరిగి రావడం మన దగ్గరే జరిగిందా అంటే, కాదు. స్లావిక్ భాషలవాళ్ళు, అంటే రష్యన్లు, ఉక్రేనియన్లు, పోల్‌లు, చెక్‌లు, సెర్బులు, వాళ్ళ నదుల కథ ఇంతకంటే విచిత్రంగా ఉంటుంది.

చెక్ దేశంలో ప్రాగ్ నగరం మధ్య నుంచి వల్తవా నది పారుతుంది. చెక్‌లకు అది కన్నతల్లి లాంటిది. ఆ పేరు మాత్రం వాళ్ళది కాదు. వాళ్ళకంటే ముందు అక్కడున్న జర్మానిక్ తెగలవాళ్ళు పెట్టిన పేరు, 'అదుపులేని నీరు' అని అర్థం. స్లావులు దాన్ని తమ నోటికి తగ్గట్టు తిప్పుకుని చివర 'ఆ' చేర్చారు. ఆ తర్వాత జర్మన్లు ఆ చెక్ పేరునే మళ్ళీ తీసుకుని మోల్‌డావ్ అన్నారు. తమ మాట తమకే తిరిగొచ్చిందని వాళ్ళకు తెలియలేదు. మన మూసీ దీర్ఘం సంగతి దాదాపు ఇలాంటిదే.

డాన్ సంగతి ఇంకా వెనక్కి పోతుంది. డాన్, దొనెట్స్, ద్నీపర్, ద్నీస్టర్, ఈ పేర్లన్నిటిలోనూ ఒక పాత ఇరానీ మాట ఉంది, 'దాను'. నల్లసముద్రం ఉత్తర మైదానాల్లో స్లావుల కంటే ముందు శకులు తిరిగేవారు. అవెస్తా భాషలో దాను అంటే నది. మన ఋగ్వేదంలో వృత్రుడి తల్లి పేరు దాను. నీళ్ళను బంధించినవాడి తల్లికి ఆ పేరుండటం ఊరికే కాదు. కాకసస్ కొండల్లోని ఒసెతియన్ల భాషలో ఇవాళ్టికీ 'దోన్' అంటే నీరు, ఏరు. డాన్ నది అంటే 'ఏరు నది' అన్నమాట. ఒడ్డునున్నవాడు ఏటిని ఏరు అనే అన్నాడు. తర్వాత వచ్చినవాడికి ఆ మాట అర్థం తెలియక, అది పేరైంది.

మనవాళ్ళు దీన్ని తిరగేసి కూడా చేశారు. ఉత్తర తెలంగాణలో గోదావరి ఒడ్డు పల్లెల్లో గోదావరిని 'గంగ' అంటారు. అక్కడ గంగ అంటే కాశీలో పారేది కాదు, కళ్ళెదుట పారేది. అక్కడ పేరు కాస్తా మామూలు మాట అయిపోయింది. స్లావుల జానపద గేయాల్లో 'దునాయ్' ఇదే పని చేస్తుంది. దునాయ్ అంటే దన్యూబ్. కానీ దన్యూబ్‌ను ఎన్నడూ చూడని పల్లెల్లో కూడా పెద్ద నీరు కనబడితే దునాయ్ అని పాడారు.

ఇక లింగం. రష్యన్‌లో ప్రతి నామవాచకానికీ లింగం ఉండి తీరాలి, క్రియ దాన్ని అనుసరించి మారుతుంది. వోల్గా స్త్రీలింగం, చివర 'ఆ' ఉంది కనుక. వోల్గా పొంగింది అంటే 'వోల్గా రజ్లిలాస్'. డాన్ హల్లుతో ముగుస్తుంది కనుక పుంలింగం. 'దోన్ రజ్లిల్స్యా', డాన్ పొంగాడు. అందుకే రష్యన్లకు వోల్గా అమ్మ, డాన్ నాన్న. వోల్గా-మాతుష్క అంటారు, దోన్-బాతుష్క అంటారు. మన పాత తరం ఇష్టంగా చదివిన శోలోఖోవ్ నవల రష్యన్ పేరు 'తీఖి దోన్'. 'తీఖి' అంటే ప్రశాంతుడు. అదే వోల్గా అయితే 'తీఖయ' అనాల్సివచ్చేది. డాన్‌కు మగతనం ఇచ్చింది పురాణం కాదు, చివరి హల్లు. ఉక్రేనియన్‌లో ద్నీప్రో ఇంకా చిత్రం. 'ఓ'తో ముగిసే మాటలు మామూలుగా నపుంసకం. ద్నీప్రో మాత్రం ఓకారం పెట్టుకుని కూడా పుంలింగంగానే నిలబడింది. 2016లో ద్నీప్రోపెత్రోవ్‌స్క్ నగరం పేరు కుదించి ద్నీప్రో చేసినప్పుడు నగరానికీ అదే లింగం వచ్చింది.

దన్యూబ్ అయితే దారి పొడవునా లింగం మార్చుకుంటూ పోతుంది. జర్మనీలో, ఆస్ట్రియాలో డోనావ్, స్త్రీలింగం. స్లొవేకియాలో దునాయ్, పుంలింగం. హంగేరీలో దునా, ఆ భాషలో లింగమే లేదు. సెర్బియాలో దునవ్, మళ్ళీ పుంలింగం. రొమేనియాలో దునెర్యా, మళ్ళీ స్త్రీ. నీళ్ళు అవే.

మరి తెలుగులో నది ఆడదా, కాదా? గోదారమ్మ, కృష్ణమ్మ, గంగమ్మ అని చీరె పెడతాం, పసుపూ కుంకుమా ఇస్తాం, పుష్కరాలు చేస్తాం. వెంటనే ఆడదే అంటాం. వ్యాకరణం ఏమంటుంది? "ఆమె వచ్చింది" అంటాం, "అది వచ్చింది" అంటాం. ఏకవచనంలో మన క్రియకు ఆడమనిషికీ వస్తువుకూ తేడా లేదు. 'ఏరు వచ్చింది' అని సీమలో అంటారు, వరద వచ్చిందని అర్థం. 2020 అక్టోబరులో మూసీ పొంగి నాగోలు, చైతన్యపురి వైపు ఒడ్డు కాలనీల్లోకి నీళ్ళొచ్చినప్పుడు 'మూసీ వచ్చింది' అనే ఫోన్లు చేసుకున్నాం. ఆ వచ్చింది అమ్మా, నీళ్ళా? ఏకవచనం జవాబు చెప్పదు.

బహువచనం అడగండి. చిన్నయసూరి బాలవ్యాకరణం చదివినవాళ్ళకు ఇది తెలిసిందే. స్త్రీవాచకాలు ఏకవచనంలో వస్తువులతో కూర్చుంటాయి, బహువచనంలో లేచి మగవాళ్ళ వైపు వస్తాయి. "వాళ్ళు వచ్చారు." ఇప్పుడు 2015లో పట్టిసీమ నుంచి ఎత్తిపోసిన గోదావరి నీళ్ళు విజయవాడ ఎగువన కృష్ణలో కలిసిన రోజును తలుచుకోండి. ఎవరైనా ఏమంటారు? "కృష్ణా గోదావరులు కలిశాయి." కలిశారు అని ఎవరైనా అన్నారా? అమ్మలని పిలిచి హారతులిచ్చిన నోటితోనే 'కలిశాయి' అన్నాం. గంగ విషయంలో ఇది ఇంకా బాగా తెలుస్తుంది. శివుడి నెత్తి మీదున్న గంగా, పక్కనున్న గౌరీ పోట్లాడుకున్నారు అంటాం. ప్రయాగలో గంగా యమునలు కలిశాయి అంటాం. ఒకే గంగ. సవతి పక్కన నిలబడితే మనిషి, మరో నది పక్కన నిలబడితే నీళ్ళు. రష్యన్‌కు ఈ సౌకర్యం లేదు. అక్కడ బహువచనంలో లింగభేదం కరిగిపోతుంది, మన దగ్గర బహువచనంలోనే బయటపడుతుంది.

కృష్ణ పేరు దగ్గర ఇంకొంచెం ఆగాలి. సీతా సీత అయింది, గంగా గంగ అయింది, కృష్ణా మాత్రం సమాసంలో దీర్ఘం వదల్లేదు. కృష్ణా నది, కృష్ణా జిల్లా. కారణం నాకు కనబడేది ఇది. పొట్టి చేస్తే కృష్ణుడి పేరుతో కలిసిపోతుంది. సమాసంలో ఉన్న సంస్కృత దీర్ఘాన్ని మనం కాపాడుకున్నాం, రష్యన్లు ఊరికీ ఏటికీ ఒకే పేరు ఉండటంతో ఏటిని 'మస్క్వా-రెకా' అని నది చేర్చి చెప్పుకున్నట్టు. ఇక కృష్ణవేణి. నల్లని జడ అని కవులు మురిసిపోయారు. పాత రూపం కృష్ణవేణ్ణా. సతారా దగ్గర కృష్ణలో కలిసే ఉపనది పేరు ఇప్పటికీ వేణ్ణా. జడ తర్వాత అల్లినది.

ఈ దీర్ఘం అలవాటు మనచేత ఒక పొరపాటూ చేయించింది. బ్రహ్మపుత్ర మగపేరు, బ్రహ్మ కొడుకు. సంస్కృత సంప్రదాయంలో అది నది కాదు, నదం. మన పత్రికలు కృష్ణా నది వరసలో 'బ్రహ్మపుత్రా నది' అని రాసి కొడుకును కూతురు చేసేశాయి. ఎవరూ గొడవ పెట్టలేదు, తెలుగు క్రియకు ఎలాగూ పట్టదు కాబట్టి.

చివరగా విభక్తి. అసలు సిసలు తెలుగు ఏర్ల జాడ ఇక్కడే దొరుకుతుంది. ఊరు, ఊరి. కానీ ఏరు, ఏటి. నీరు, నీటి. నోరు, నోటి. చిన్నయసూరి వీటిని ఔపవిభక్తికాలు అన్నాడు. ఇ, టి, తి అనే మూడు వర్ణాల్లో ఏ మాటకు ఏది వస్తుందో పుట్టుకతో తెలుగు మాట్లాడేవాడికి ఎవరూ నేర్పక్కర్లేదు. ఏటికి ఎదురీదడం అంటాం గానీ ఏరుకి ఎదురీదడం అనం. అందుకే విద్వాన్ విశ్వం కావ్యం పేరు 'పెన్నేటి పాట', పెన్నేరు పాట కాదు. మున్నేరు, మానేరు, పాలేరు, కండలేరు, బుడమేరు, తమ్మిలేరు, సగిలేరు, అన్నిటికీ ఈ 'టి' హక్కు ఉంది. రష్యన్‌లోనూ ఒక పాత విభక్తి ఒక ఏటి పేరులో బతికి ఉంది. డాన్ ఒడ్డున ఉన్న రొస్తోవ్ నగరం పూర్తి పేరు రొస్తోవ్-నా-దను. డాన్ మీది రొస్తోవ్ అని. మామూలుగా పుంలింగానికి ఆ చోట 'ఎ' రావాలి, ఇక్కడ పాతకాలపు 'ఉ' ఉండిపోయింది. ఊరి పేరులో ఇరుక్కుని బతికిపోయింది.

మరి మూసీకి? మూసీలో, మూసీకి, మూసీ ఒడ్డు. ఏ వర్ణమూ చేరదు, ఏదీ మారదు. అందులో ఏరు లేదు, 'టి' రాదు. ఆ పేరు ఏ భాషలో పుట్టిందో గానీ, మనకు తెలిసిన తెలుగు విభక్తి దానికి అంటలేదు. చైతన్యపురిలో ఫణిగిరి గుట్ట మీద, మూసీకి కూతవేటు దూరంలో, విష్ణుకుండినుల కాలం నాటిదని పరిశోధకులు చెప్పే ప్రాకృత శాసనం రాతి మీద ఉంది. అందులో గోవిందరాజ విహారం పేరుంది. అంటే పదిహేను వందల ఏళ్ళ కిందటే ఈ ఒడ్డున ప్రాకృతం రాసేవాళ్ళున్నారు. తెలుగు, ప్రాకృతం, ఫారసీ, ఉర్దూ, మధ్యలో ఒక ఫ్రెంచివాడు. ఇన్ని నోళ్ళలో నానిన పేరుకు పుట్టుక ఇదీ అని తీర్పు ఇచ్చేవాణ్ణి నేను నమ్మను. చివరి దీర్ఘం ఉర్దూది, ముచుకుంద తర్వాతది, మూసారాంబాగ్ వేరేది. ఈ మూడు మాత్రం గట్టిగా చెప్తాను.

శ్రోతలకు ఒక విన్నపం. మన జిల్లాల్లో పటాలకు ఎక్కని వాగులు, వంకలు చాలా ఉన్నాయి. రియల్ ఎస్టేటు వెంచర్ల కింద కొన్ని పోయాయి, పేర్లు కూడా పోతున్నాయి. మీ ఊరి వాగు పేరు ఊళ్ళో బాగా పెద్దవాళ్ళ చేత చెప్పించండి. పేరొక్కటే కాదు, "దాంట్లో చేపలున్నాయా, దాని ఒడ్డున ఏముంది, అది వచ్చినప్పుడు ఏమంటారు" అని అడిగి, వాళ్ళ నోట పేరు విభక్తితో ఎలా మారిందో అలాగే, దీర్ఘం ఉంటే దీర్ఘంతో, 'టి' ఉంటే 'టి'తో, రాసి పెట్టండి. ఊరి పేరు, తేదీ కూడా వేయండి. పంతుళ్ళు చెప్పే కథ వేరే కాగితం మీద రాయండి.